డిస్క్ నిండిపోయినప్పుడు ఏది మేలు: డీయూనా, ఎన్‌సీడీయూనా?

డిస్క్‌లో చోటు లేదని సర్వర్ మొరాయించగానే ముందు కొట్టేది డీఎఫ్ (df), అంటే డిస్క్ ఎంత నిండిందో చూపే కమాండ్. ఫైల్ సిస్టమ్ దగ్గరున్న లెక్కనే అడుగుతుంది కాబట్టి రెప్పపాటులో జవాబిస్తుంది. చోటు కనిపిస్తున్నా కొత్త ఫైల్ పుట్టడం లేదంటే, మైనస్ ఐ పెట్టి ఐనోడ్లు (ఒక్కో ఫైల్‌కు ఒకటి చొప్పున పట్టే రికార్డులు) అయిపోయాయేమో చూడాలి. కానీ ఏ పార్టిషన్ నిండిందో చెబుతుందే తప్ప, దాన్ని నింపిందేమిటో డీఎఫ్ చెప్పదు. ఆ వెతుకులాట ఫోల్డర్ల సైజు లెక్కగట్టే డీయూ (du) కమాండ్‌తో చేయాలా, అదే లెక్కను తెరమీద తిరిగి చూడనిచ్చే ఎన్‌సీడీయూ (ncdu)తోనా?

డీయూ ఏ యూనిక్స్ మెషీన్‌లోనైనా ఉండనే ఉంటుంది. నేనైతే మైనస్ ఎక్స్ (ఒకే ఫైల్ సిస్టమ్‌లో ఉండమని), మైనస్ హెచ్ (సైజులు ఎంబీ, జీబీల్లో చూపమని) పెట్టి, లోతు ఒక్క మెట్టుకే పరిమితం చేసి, వచ్చినదాన్ని సైజు వరసలో పేర్చే సార్ట్ మైనస్ హెచ్‌కు పైప్ చేస్తాను, అంటే నేరుగా పంపిస్తాను. చివరి లైన్‌లో మొత్తం, సరిగ్గా దానిపైన అన్నిటికన్నా పెద్ద ఫోల్డర్. మైనస్ ఎక్స్ మర్చిపోతే మాత్రం వేరే డిస్కులు, నెట్‌వర్క్ మౌంట్లు అన్నీ తిరిగొస్తుంది. అసలు ఇబ్బంది ఏమిటంటే, ఒక మెట్టు కిందికి దిగాలన్నప్పుడల్లా మళ్లీ కమాండ్ కొట్టాలి, అదే చెట్టును అది మళ్లీ మొదటినుంచీ ఎక్కాలి. లక్షల ఫైళ్లున్న చోట ఓపిక పోతుంది.

ఎన్‌సీడీయూ ఒక్కసారే తిరిగి, లెక్కంతా మెమరీలో పెట్టుకుంటుంది. ఆపైన బాణం కీలతో వెళ్లి ఎంటర్ నొక్కితే చాలు, లోపలి ఫోల్డర్లు సైజు ప్రకారం, పక్కనే చిన్న గీతలతో కనిపిస్తాయి. వార్ (var) ఫోల్డర్‌లోంచి లాగ్ (log) ఫోల్డర్‌లోకి, అక్కణ్ణుంచి పాత లాగ్ ఫైల్ దాకా రెండు మూడు ఎంటర్లు. డీ నొక్కితే అడిగి మరీ తీసేస్తుంది. అయితే టెన్షన్‌లో ఆ ప్రశ్నకు గబుక్కున సరే అనేస్తాం, అందుకే లైవ్ సర్వర్‌లో మైనస్ ఆర్ పెట్టి, చూడటానికి మాత్రమే తెరవండి.

రోజువారీ పనికి నా ఓటు ఎన్‌సీడీయూకే. కాకపోతే డిస్క్ పూర్తిగా నిండాక దాన్ని ఇన్‌స్టాల్ చేద్దామన్నా ప్యాకేజీ దిగడానికే చోటుండకపోవచ్చు. ముందే పెట్టుకోకపోతే డీయూయే దిక్కు.

ఈ రెండూ చేతులెత్తేసే సందర్భం ఒకటుంది. ఒకసారి నాకు డీఎఫ్ నూరు శాతం చూపిస్తుంటే, రూట్‌గా, అంటే అన్ని హక్కులతో, నడిపినా డీయూ లెక్క అందులో సగానికి కూడా రాలేదు. ఎవరో పెద్ద లాగ్ ఫైల్‌ను తీసేశారు, దాన్ని రాస్తున్న ప్రాసెస్ మాత్రం ఇంకా తెరిచే ఉంచింది. పేరు పోయింది కాబట్టి ఫోల్డర్లు తిరిగే ఏ టూల్‌కూ అది కనిపించదు, చోటు మాత్రం ఖాళీ కాదు. తెరిచి ఉన్న ఫైళ్లను చూపే ఎల్ఎస్‌ఓఎఫ్ (lsof) కమాండ్‌కు ప్లస్ ఎల్ 1 ఇస్తే అలాంటి ఫైళ్లన్నీ, పట్టుకున్న ప్రాసెస్ నంబర్‌తో సహా బయటపడతాయి. ఆ సర్వీస్‌ను రీస్టార్ట్ చేశాకే డీఎఫ్ అంకె దిగింది.