లాన్స్‌డౌన్ వెళ్తే మ్యూజియం మానకండి, ‘వ్యాలీ వ్యూ’ గదికి డబ్బు కట్టకండి

ఉత్తరాఖండ్ కొండల్లోని లాన్స్‌డౌన్‌లో మేము దిగిన హోటల్ మీద నాకు ఇంకా కోపం తగ్గలేదు. డబ్బు గుంజారు, అది ఒక ఎత్తు. చూడాల్సినదాన్ని చూడక్కర్లేదని చెప్పారు, అదే మనసులో ఉండిపోయింది.

ఢిల్లీ నుంచి రాత్రి రైల్లో కోట్‌ద్వార్, అక్కణ్ణించి షేర్ జీపులో మనిషికి 150 రూపాయలు. దాదాపు 40 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. మా ఆవిడకి కాస్త కడుపులో తిప్పింది తప్ప ప్రయాణం బాగానే సాగింది.

ఆన్‌లైన్‌లో 3,200 అని చూపించిన గదికి ‘వ్యాలీ వ్యూ’ పేరుతో ఇంకో 800 కట్టించుకున్నారు. తెర తీస్తే ఎదురుగా పక్క బిల్డింగ్ నీళ్ల ట్యాంకు. గోడకి ఆనుకుని మెడ పక్కకి వంచితే జానెడు కొండ కనిపిస్తుంది. గీజర్ పనిచేయదు. వేణ్ణీళ్లు బకెట్‌కి 50, హీటర్ రాత్రికి 400. ఇవేవీ డబ్బు కట్టేముందు చెప్పలేదు.

కారుకి 1,800 తీసుకుని టిప్ ఇన్ టాప్ వ్యూ పాయింటు, భుల్లా తాల్ చెరువు, చర్చి తిప్పారు. అక్కడి సైనిక మ్యూజియం సంగతేమిటని అడిగితే, “అక్కడేముంది సార్, పాత తుపాకులు” అన్నాడు మేనేజర్. మాతో వచ్చిన బాబాయి హవల్దారుగా రిటైరైన మనిషి. పశ్చిమ గోదావరి జిల్లా మాధవరం ఆయనది, తరతరాలుగా పట్టాళానికి మనుషుల్ని పంపిన ఊరు. ఆ మాట విన్నాక ఆయన భుల్లా తాల్ దగ్గర కారే దిగలేదు. మధ్యాహ్నం భోజనం కూడా సరిగ్గా చేయలేదు.

మర్నాడు పొద్దున్నే నడుచుకుంటూ వెళ్లాం. మన సైన్యంలోని గఢ్వాల్ రైఫిల్స్ రెజిమెంట్ వాళ్ల మ్యూజియం, ఆ రెజిమెంట్ వీరుడు దర్వాన్ సింగ్ నేగీ పేరు పెట్టారు. మధ్యాహ్నం మూసేస్తారు, తెరవగానే వెళ్లండి. ఫోటోలు తీయనివ్వరు, అదే మంచిదైంది, అందరం కళ్లతో చూశాం.

దర్వాన్ సింగ్ 39వ గఢ్వాల్ రైఫిల్స్ మొదటి బెటాలియన్‌లో నాయక్. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1914 నవంబరు 23-24 రాత్రి ఫ్రాన్సులో ఫెస్టుబర్ దగ్గర జర్మన్ల చేతిలోకి పోయిన కందకాలను తిరిగి పట్టుకునే పోరాటం. కందకం తిన్నగా ఉండదు, మలుపులు మలుపులుగా తవ్వుతారు. ప్రతి మలుపు అవతలా బాంబులు, తుపాకులు. తలకి రెండు చోట్ల, చేతికి గాయాలైనా ప్రతి మలుపూ ముందుగా తిరిగినవాళ్లలో ఆయన ఉన్నాడు. డిసెంబరు 5న ఐదో జార్జి రాజు ఫ్రాన్సులోనే స్వయంగా విక్టోరియా క్రాస్ ఇచ్చాడు, యుద్ధంలో సాహసానికి బ్రిటన్ ఇచ్చే అత్యున్నత పతకం. రాజు చేతి మీదుగా అది అందుకున్న మొదటి భారతీయుడు ఆయనే.

ఈ పతకం 1856లో మొదలైంది. భారతీయ సిపాయిలకి 1911 దాకా అర్హతే లేదు, వాళ్లకి ఇండియన్ ఆర్డర్ ఆఫ్ మెరిట్ అని వేరే పెట్టారు. దర్వాన్ సింగ్ చివరికి సుబేదారు అయ్యాడు. “సుబేదారంటే వైస్రాయ్ కమిషన్ రా, భారతీయులకిచ్చే కింది అధికారి హోదా. నిన్న కాక మొన్న వచ్చిన తెల్ల సెకండ్ లెఫ్టినెంటు కూడా ఆయనకి పైవాడే” అన్నాడు బాబాయి. గొంతు మామూలుగా లేదు. నాకూ కడుపు మండింది.

ఇదే రెజిమెంట్‌లో గబ్బర్ సింగ్ నేగీ 1915 మార్చి 10న ఫ్రాన్సులోనే నవ్ షాపెల్‌లో ప్రాణం ఇచ్చి విక్టోరియా క్రాస్ పొందాడు. లెఫ్టినెంట్ విలియం కెన్నీ 1920 జనవరి 2న, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న వజీరిస్తాన్‌లో అలాగే ప్రాణం ఇచ్చి ఆ పతకం పొందాడు, ఇరవై ఏళ్లకే. ఆ కుర్రాడి వయసు విని మా ఆవిడ అక్కడి బెంచీ మీద కూర్చుండిపోయింది. టిప్ ఇన్ టాప్‌కి అరగంట చాలు, ఇక్కడికి ఒక పూట పెట్టుకోండి.

రాజు ఏం కావాలో కోరుకోమంటే దర్వాన్ సింగ్ కర్ణప్రయాగలో బడి, రిషికేశ్ నుంచి అక్కడికి రైలు అడిగాడని గఢ్వాలీలు చెప్పుకుంటారు. బడి వచ్చింది. 125 కిలోమీటర్ల రైలు మార్గం పనులు మన కాలంలో మొదలయ్యాయి. ఆ రైలు నడిచాక బాబాయిని కర్ణప్రయాగ తీసుకెళ్తాను. ఈసారి గది చూశాకే డబ్బు కడతాం.