యూసీఐ, ఎక్స్‌బోర్డ్: చెస్ ఇంజన్‌కు ఏ భాష నేర్పాలి?

కూకట్‌పల్లిలో ఉండే మా తమ్ముడు చెస్ ఇంజన్ రాస్తున్నాడు. మొన్న ఇరానీ చాయ్ తాగుతూ, "అన్నా, యూసీఐ పెట్టాలా, ఎక్స్‌బోర్డా?" అని అడిగాడు.

ఇంజన్‌ది ఏ ఎత్తు వేయాలో లెక్క వేసే పనే. తెర మీద బోర్డు చూపించేది వేరే ప్రోగ్రాం. ఆ రెండూ మామూలు టెక్స్ట్ లైన్లతో మాట్లాడుకుంటాయి. ఆ లైన్లు ఎలా ఉండాలో చెప్పే రెండు పద్ధతులే యూసీఐ, ఎక్స్‌బోర్డ్. గొడవంతా ఆ లైన్ల గురించే.

ఎక్స్‌బోర్డ్ పద్ధతి గ్నూ చెస్ అనే ఇంజన్‌తో కలిసి పెరిగిన పాత పద్ధతి. ఇందులో ఇంజన్ అచ్చంగా ఆటగాడే. ఆట ఎక్కడిదాకా వచ్చిందో తనే గుర్తుపెట్టుకుంటుంది, డ్రా అడుగుతుంది, ఓటమి ఒప్పుకుంటుంది. వినడానికి బాగుంటుంది గానీ తలనొప్పీ అక్కడే. ఎత్తు వెనక్కి తీసుకోమన్నప్పుడు ఇంజన్ తడబడితే తెర మీద ఒక ఆట, దాని బుర్రలో ఇంకో ఆట! నా పాత ఇంజన్‌తో దీనికే ఓ రాత్రంతా పోయింది.

2000లో వచ్చిన యూసీఐ ఆ భారం తీసేసింది. రుడాల్ఫ్ హ్యూబర్, ష్రెడర్ ఇంజన్ రాసిన స్టెఫాన్ మేయర్-కాలెన్ దీన్ని తయారుచేశారు. బోర్డు చూపించే ప్రోగ్రామే ప్రతిసారీ మొదటి నుంచి ఎత్తులన్నీ, గడియారంలో మిగిలిన సమయం పంపిస్తుంది. ఇంజన్ ఒక్క ఎత్తు చెప్తే చాలు. తప్పు దొరకాలంటే ఆ లైన్లనే మళ్లీ ఇచ్చి చూడొచ్చు. డ్రా అడగడానికి మాత్రం ఇందులో మాటే లేదు, అది నాకు వెలితే.

తమ్ముడికి యూసీఐ అనే చెప్పాను. పేరున్న ఇంజన్ స్టాక్‌ఫిష్ మాట్లాడేదీ అదే, పోల్చి చూసుకోవడం తేలిక. ఎక్స్‌బోర్డ్ పేరుతోనే ఉన్న బోర్డు ప్రోగ్రాంలో ఆడించాలనిపిస్తే మధ్యలో దుబాసీగా పాలీగ్లాట్ అనే ప్రోగ్రాం ఉంది.