ముగింపు ఉన్న కథా, ముగింపు లేని కథా: సీరియల్ అభిమానికి ఏది మేలు?

చూడదగిన సీరియల్ ఏదైనా చెప్పమని ఎవరైనా అడిగితే, అభిమానులమైన మనం వెంటనే మనకు ఇష్టమైన పేరు చెప్పేస్తాం. నేనూ చాలా కాలం అలాగే చేశాను. నేను ఎంతగానో మెచ్చిన కథను ఎదుటివారు పది భాగాలకే వదిలేయడం పలుమార్లు చూశాక, పేరు చెప్పే ముందు ఒక ప్రశ్న అడగడం అలవాటు చేసుకున్నాను: మీకు ముగింపు ఉన్న కథ కావాలా, లేని కథ కావాలా? నటీనటులు, భాష, ఇతివృత్తం వంటివన్నీ ఆ తరువాతి మాటలే. కథ ఎక్కడ ఆగుతుందో ముందే తెలిసిన రచయిత రాసే తీరు వేరు, ఎన్నడూ ఆపనవసరం లేని రచయిత రాసే తీరు వేరు.

ముగింపు లేని కథకు పుట్టిల్లు రేడియో. 1930లలో అమెరికా రేడియోలో పగటిపూట వచ్చే ధారావాహికలను సబ్బుల కంపెనీలు సమర్పించడం వల్లనే వాటికి సోప్ ఒపేరాలన్న పేరు వచ్చింది. శ్రోత మరునాడు కూడా అదే వేళకు రేడియో ముందు కూర్చోవాలన్నదే ఆ కంపెనీల కోరిక కాబట్టి, కథ ముగియకపోవడమే వారికి లాభం. 1937లో రేడియోలో మొదలైన ‘గైడింగ్ లైట్’ 1952లో టెలివిజన్‌కు మారి 2009 వరకు సాగింది. బ్రిటన్‌లో 1960 డిసెంబరు 9న మొదలైన ‘కొరొనేషన్ స్ట్రీట్’ తొలి భాగంలో విద్యార్థిగా కనిపించిన కెన్ బార్లో పాత్రను విలియం రోచ్ ఆరు దశాబ్దాలకు పైగా పోషిస్తూ వచ్చారు. ఒక పాత్ర ముఖం మీద ముడతలు మేకప్ వల్ల కాక నిజంగా గడిచిన కాలం వల్ల రావడం, ఆ పాత్ర మొదటి దుఃఖాన్ని చూసిన ప్రేక్షకులే దాని వృద్ధాప్యాన్నీ చూడడం మరే కథారూపంలోనూ ఇంత విస్తారంగా సాధ్యం కాదు. నాకు ఈ రూపం మీద ఉన్న గౌరవమంతా ఇందువల్లనే.

దాని లోపం కూడా ఆ అనంతత్వంలోనే ఉంది. సుఖంగా ఉన్న జంట వల్ల కథ నడవదు కాబట్టి పెళ్లయిన ప్రతి జంటకూ ఏదో ఒక ఆపద రావలసిందే. చనిపోయాడనుకున్నవాడు తిరిగి రావడం, ఒక నటి స్థానంలో మరొకరు రావడం, నెలల తరబడి దాచిన రహస్యం బయటపడబోతుండగా తలుపు చప్పుడు కావడం ఎన్నిసార్లు చూసినా తప్పవు. కొత్తగా చూడదలచిన వారు ఇలాంటి సీరియల్‌ను మొదటి నుంచి చూడాలని పట్టుబట్టకూడదు. ఈరోజు వచ్చే భాగంతోనే మొదలుపెట్టి రెండు మూడు వారాలు ఓపిక పడితే చుట్టరికాలు వాటంతట అవే తెలుస్తాయి, ఎందుకంటే పాత సంగతులను పాత్రల చేత పదేపదే చెప్పించడం ఆ రచయితలకు బాగా తెలిసిన విద్య.

దీనికి పూర్తిగా అవతలి కొసన కొరియా డ్రామా ఉంది. పదహారు నుంచి ఇరవై భాగాలు, వారానికి రెండు, ఒక్కొక్కటి గంటకు పైగా. 2019లో మొదలైన ‘క్రాష్ లాండింగ్ ఆన్ యూ’ పదహారు భాగాల్లో ముగిసింది. చాలావరకు ఒకే రచయిత మొదటి నుంచి చివరి దాకా రాయడం వల్ల తొలి భాగంలో కనిపించిన చిన్న వస్తువు చివరి భాగంలో అర్థవంతంగా తిరిగి వస్తుంది. అయితే ప్రతినాయకుడి మనసు మారడానికి ఇందులో తగినంత వ్యవధి ఉండదు. చివరికి రెండు మూడు భాగాలు మిగిలి ఉండగా ప్రేమికులను విడదీసి, ఆ వెంటనే హడావుడిగా కలపడం నన్ను చాలాసార్లు నిరాశపరచింది. తీరిక తక్కువగా ఉన్నవారికి మాత్రం ఇదే తగినది.

టర్కీ సీరియళ్ల విషయంలో ఒక హెచ్చరిక అవసరం. అక్కడ వారానికి ఒక్కసారే వచ్చే భాగం రెండు గంటలకు పైగా ఉంటుంది. విదేశాలకు అమ్మేటప్పుడు దానిని చిన్న భాగాలుగా కోస్తారు. అందువల్ల ‘నలభయ్యో భాగం తరువాత బాగుంటుంది’ అని ఒకరు చెప్పినది మరొకరు చూసే ప్రతిలో వందో భాగం తరువాత కావచ్చు. సిఫారసు చేసేటప్పుడు భాగం సంఖ్యకు బదులు ఏ ఘట్టమో చెప్పడం మంచిది. పైగా రేటింగులు బాగుంటే తెగేదాకా లాగడం, బాగులేకపోతే అర్ధాంతరంగా ఆపడం అక్కడ మామూలే.

ఈ అన్నింటిలో నా ఓటు లాటిన్ అమెరికా టెలినోవెలాకే. అది సోప్ లాగా వారంలో చాలా రోజులు వస్తుంది, డ్రామా లాగా ముగుస్తుంది. కొలంబియాలో 1999లో మొదలై 2001లో ముగిసిన ‘యో సోయ్ బెట్టీ, లా ఫేయా’ను తీసుకోండి. అందం లేదని అందరూ చిన్నచూపు చూసే ఒక తెలివైన యువతి ఉద్యోగంలో నిలదొక్కుకునే ఆ కథను అనేక దేశాలు తమ భాషల్లో మళ్లీ తీశాయి. హిందీలో 2003లో ‘జస్సీ జైసీ కోయీ నహీ’గానూ, అమెరికాలో 2006లో ‘అగ్లీ బెట్టీ’గానూ వచ్చింది. బెట్టీకి జరిగే అవమానాలను మనం నెలల తరబడి రోజూ చూస్తాం కాబట్టి, ఆమె తలెత్తి మాట్లాడిన రోజున కలిగే సంతోషం పదహారు భాగాల కథలో దొరకదు. ఆ సంతోషం తరువాత కథ ఆగుతుంది కాబట్టి ఆమెను మళ్లీ కష్టపెట్టడానికి రచయితకు అవకాశమూ ఉండదు.

ఒక్క సందర్భంలో మాత్రం నేను నా మాటను మార్చుకుంటాను. చాలా కాలంగా మంచం పట్టినవారికి, వారి పక్కన కూర్చుని రోజులు గడిపేవారికి ముగింపు లేని సీరియలే చెబుతాను. మా ఇంట్లో అలాంటి ఏడాది ఒకటి గడిచింది. కథ ముందుకు కదిలిందా లేదా అని మేము ఎన్నడూ పట్టించుకోలేదు. అదే వేళకు అవే ముఖాలు వస్తే చాలనిపించేది.