మిథనాల్ కిట్ కొంటున్నారా? నాజిల్ ఎక్కడ బిగిస్తారో తేలకుండా డబ్బు కట్టకండి

టర్బో బండికి (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే బండి) వాటర్-మిథనాల్ కిట్ (ఆ గాలిలోకి నీళ్లు, మిథనాల్ అనే ఆల్కహాల్ తుంపరగా కొట్టే ట్యాంకు, పంపు, నాజిల్) పెట్టించుకుందామని చూస్తున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. నా ఇంజిన్ పోయింది. కిట్ మంచిదే, పంపు ఇప్పటికీ బాగానే పనిచేస్తోంది, మిథనాల్ కూడా సరైనదే పోశాను. ఒక్క నాజిల్‌ను పెట్టకూడని చోట పెట్టారు. పెట్టినవాళ్లు ఆ సంగతి నాకు చెప్పలేదు, అడగాలని నాకు అప్పటికి తెలియదు.

నేను ఉండేది డాలస్ దగ్గర. బండి సుబారు డబ్ల్యూఆర్ఎక్స్ ఎస్‌టీఐ, 2.5 లీటర్ల ఈజే257 ఇంజిన్. ఈ బండికి ఇంటర్‌కూలర్ (టర్బో ఒత్తిన వేడి గాలిని చల్లార్చే రేడియేటర్ లాంటిది) ఇంజిన్ నెత్తి మీదే కూర్చుంటుంది, బానెట్ మీది స్కూప్‌లోంచి గాలి వచ్చి దాన్ని చల్లబరచాలి. 40 డిగ్రీల టెక్సాస్ ఎండలో సిగ్నల్ దగ్గర కాసేపు ఆగామంటే ఆ ఇంటర్‌కూలరే పెనంలా కాగిపోతుంది, ఆ తర్వాత యాక్సిలరేటర్ తొక్కితే వేడి గాలి లోపలికి పోయి నాకింగ్ (ఇంధనం వేళ కాకుండా తనంతట తనే పేలడం) మొదలవుతుంది, కంప్యూటర్ టైమింగ్ (స్పార్క్ వెలిగే క్షణం) వెనక్కి లాగేస్తుంది, బండిలో ఊపు ఉండదు. అందుకే మిథనాల్ కిట్ కొన్నాను. ఆలోచన తప్పు కాదు, ఇప్పటికీ అదే అంటాను. కిలో నీళ్లు ఆవిరి కావడానికి సుమారు 2,260 కిలోజౌళ్ల వేడి తీసుకుంటాయి, మిథనాల్ 1,100 దాకా తీసుకుంటుంది, పెట్రోల్ అయితే 350 దగ్గరే ఆగిపోతుంది. సగం నీళ్లు, సగం మిథనాల్ సన్నటి తుంపరగా గాలిలో కలిస్తే గాలి చల్లబడుతుంది, పైగా మిథనాల్‌కు ఆక్టేన్ (నాకింగ్‌ను తట్టుకునే గుణం) ఎక్కువ కాబట్టి నాకింగ్ తగ్గుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ ఫైటర్ విమానాల ఇంజిన్లకు కూడా ఈ మిశ్రమమే ఎక్కించారు.

బిగించడానికి ఇక్కడి ఒక షాపుకు ఇచ్చాను. పేరు చెప్పను. ఈ బండిలో ఇంటర్‌కూలర్‌కూ థ్రాటిల్ బాడీకీ (యాక్సిలరేటర్ తొక్కితే గాలికి తెరుచుకునే తలుపు) మధ్య పైపు దాదాపు ఉండదు, ఒక పొట్టి రబ్బరు గొట్టం, అంతే. మామూలుగా నాజిల్ పెట్టే చోటు అదే, ఇంటర్‌కూలర్ దాటాక, థ్రాటిల్‌కు కొంచెం ముందు, తుంపర గాలిలో కలవడానికి కాస్త దూరం వదిలి. ఆ దూరం ఇక్కడ దొరకలేదని, థ్రాటిల్ దాటాక మానిఫోల్డ్‌కే (గాలిని సిలిండర్లకు పంచే గొట్టాల పెట్టె) రంధ్రం చేసి ఒక్క నాజిల్ బిగించేశారు. నాకు సందేహం వచ్చి అడిగాను కూడా. "బీఎండబ్ల్యూ ఎం4 జీటీఎస్‌లో కంపెనీయే మానిఫోల్డ్‌లో నీళ్లు కొడుతుంది, మీకేం భయం" అన్నారు. అది నిజమే, నేను ఇంటికొచ్చి చదివి సరేననుకున్నాను. కానీ ఆ బండిలో ఆరు సిలిండర్లకు మూడు ఇంజెక్టర్లు ఉన్నాయి, రెండేసి సిలిండర్లకు ఒకటి, పైగా అవి కంప్యూటర్ చెప్పినప్పుడు తెరుచుకుని చెప్పినప్పుడు మూసుకునే ఇంజెక్టర్లు. నాకు పెట్టింది నాలుగు సిలిండర్లకు ఒకే ఒక్క నాజిల్, మూసుకోవడమే తెలియని ఉత్త రంధ్రం. ఈ తేడా దగ్గర నేను ఆగి ఉంటే ఈ పోస్టు రాసే పని ఉండేది కాదు.

మొదటి లక్షణం వారంలోనే కనిపించింది, నేనే పట్టించుకోలేదు. రాత్రి నిండుగా ఉన్న మిథనాల్ ట్యాంకు, ఆఫీసుకు వెళ్లి వచ్చేసరికి సగానికి దిగుతోంది, అది కూడా ఒక్కసారి బూస్ట్ (టర్బో ఒత్తిడి, పంపు తిరగాల్సింది అప్పుడే) ఎక్కకుండా. బండి నిలబడి ఉన్నప్పుడు ఐడిల్ ఎగిరెగిరి పడేది. షాపుకు ఫోన్ చేస్తే "ఎక్కడో లీకు ఉండి ఉంటుంది, గొట్టాలు చూసుకోండి" అన్నారు. రెండు వారాంతాలు కింద పడుకుని గొట్టాలన్నీ వెతికాను, ఒక్క చుక్క కనపడలేదు. లీకు బయటికి కాదు, ఇంజిన్‌లోకి. థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు మానిఫోల్డ్‌లో వాక్యూమ్ ఉంటుంది, బయటి గాలి కంటే సుమారు 10 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) తక్కువ. పంపు ఆగి ఉన్నా సరే, ఆ వాక్యూమ్ స్ట్రాతో కొబ్బరినీళ్లు తాగినట్టు ట్యాంకులోంచి పీల్చుకుంటూనే ఉంటుంది. థ్రాటిల్ తర్వాత నాజిల్ పెడితే దాని దగ్గర సోలెనాయిడ్ (కరెంటుతో తెరుచుకుని మూసుకునే వాల్వ్) గానీ, వాక్యూమ్‌కు తెరుచుకోనంత గట్టి స్ప్రింగు ఉన్న చెక్ వాల్వ్ గానీ తప్పకుండా ఉండాలి. నాకు రెండూ లేవు. సోలెనాయిడ్ కిట్ డబ్బాలోనే ఉంది, కవరు కూడా విప్పలేదు!

మీ బండికి ఇప్పటికే ఇలా పెట్టించుకుని ఉంటే ఒక పరీక్ష చేయండి. ఐడిల్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోల్‌ను ఎంత పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె) చూడండి. నాది మైనస్ 11 శాతం చూపించేది, అంటే ఎక్కడినుంచో అదనపు ఇంధనం వస్తోందని కంప్యూటర్ పెట్రోల్ తగ్గించుకుంటోంది. ఆ గొట్టం తీసేసి నాజిల్‌కు బిరడా పెట్టగానే ట్రిమ్ సున్నా దగ్గరికి వచ్చింది. పది నిమిషాల పని. నేను ఇది చేసింది ఇంజిన్ పోయాక.

అసలు నష్టం దీనివల్ల కాదు, పంపకం వల్ల జరిగింది. గాలి మలుపు తిరిగినంత తేలిగ్గా తుంపర తిరగదు. బరువైన చుక్కలు తిన్నగా పోయి ఎదుటి గోడకు కొట్టుకుంటాయి. ఈ మానిఫోల్డ్‌కు గాలి వెనకవైపు నుంచి వస్తుంది, కాబట్టి తడి అంతా ముందున్న 1, 2 సిలిండర్లకు పోయింది, వెనకున్న 3, 4 దాదాపు పొడి గాలే పీల్చుకున్నాయి. ట్యూన్ (ఇంజిన్ కంప్యూటర్‌లో ట్యూనర్ రాసే సెట్టింగులు) మాత్రం నాలుగింటికీ మిథనాల్ సమానంగా అందుతోందని నమ్మి, టైమింగ్ ముందుకు జరిపి, పెట్రోల్ తగ్గించి రాసినది. లాగ్‌లో (సెన్సర్ల రికార్డులో) ఏమీ కనపడదు, ఎందుకంటే ఆక్సిజన్ సెన్సర్ నాలుగు సిలిండర్ల పొగ కలిసిన చోట ఉంటుంది, సగటు చెబుతుంది. రెండు సిలిండర్లు మరీ తడిగా, రెండు మరీ పొడిగా ఉంటే సగటు చక్కగా ఉంటుంది. గాలి ఉష్ణోగ్రత సెన్సర్ కూడా ఈ బండిలో టర్బోకు ముందే, ఎంఏఎఫ్‌లోనే (లోపలికొచ్చే గాలిని కొలిచే సెన్సర్) ఉంటుంది, మిథనాల్ ఏం చేస్తోందో దానికి తెలియదు.

ఒక సాయంత్రం హైవే ఎక్కుతూ మూడో గేరులో పూర్తిగా తొక్కాను. చిన్న శబ్దం, వెనక నీలం పొగ. కంప్రెషన్ (సిలిండర్ గాలిని ఎంత ఒత్తిడికి నొక్కగలుగుతోందో) చూస్తే మూడు సిలిండర్లు 140 నుంచి 150 పీఎస్ఐ దాకా ఉన్నాయి, నాలుగోది 85. స్పార్క్ ప్లగ్గులు విప్పితే 1, 2 కడిగినట్టు ఉన్నాయి, 3, 4 తెల్లగా కాలి, నాలుగోదాని మీద అల్యూమినియం మెరుపులు. పిస్టన్‌లో రెండు రింగుల మధ్య అంచు విరిగిపోయింది. ఈజే257 పిస్టన్లకు ఈ జబ్బు ముందునుంచే ఉందని అందరికీ తెలుసు, అందులో నాలుగో సిలిండర్ మరీ సున్నితం. ఆ సిలిండర్‌కే మిథనాల్ అందకుండా చేశారు. షార్ట్ బ్లాక్ (పిస్టన్లతో సహా ఇంజిన్ కింది భాగం), గాస్కెట్లు, కూలీ కలిపి 9 వేల డాలర్లు దాటింది. షాపువాళ్లు ట్యూనర్‌ని అడగమన్నారు, ట్యూనర్ నాజిల్ ఎక్కడుందో తనకెవరూ చెప్పలేదన్నాడు. ఆయన మాటలో నిజం ఉంది, నేను పంపిన ఫారంలో నాజిల్ సైజు రాశాను, చోటు రాయలేదు.

పాత బిల్లు మళ్లీ తీసి చూస్తే ఇంకో సంగతి బయటపడింది, మానిఫోల్డ్ గాస్కెట్ల ఖర్చు అందులో లేదు. అంటే మానిఫోల్డ్ విప్పకుండానే, ఇంజిన్ మీద ఉండగానే డ్రిల్ చేశారు. ఆ లోహపు పొడి ఎక్కడికి పోయి ఉంటుందో మీరే ఆలోచించండి. మీ బిల్లులో గాస్కెట్లు ఉన్నాయో లేదో తప్పకుండా చూసుకోండి.

మానిఫోల్డ్‌లోనే పెట్టాలంటే ఒక్కో రన్నర్‌కు (ఒక్కో సిలిండర్‌కు పోయే గొట్టానికి) ఒక్కో చిన్న నాజిల్ పెట్టించండి, గొట్టాలు ఒకే పొడవు ఉండాలి, ప్రతిదానికీ చెక్ వాల్వ్, పంపు తర్వాత మంచి ఫిల్టర్. నాజిల్ ఎంత చిన్నదైతే అంత త్వరగా మూసుకుపోతుంది, అందులో ఒక్కటి మూసుకుపోయినా ఆ సిలిండర్‌కు నాకు జరిగిందే జరుగుతుంది. బిగించే ముందు నాలుగింటినీ నాలుగు గ్లాసుల్లోకి అరనిమిషం కొట్టించి కొలవండి, సెకండ్ హ్యాండ్ కొంటే మరీ ముఖ్యం. ద్రవం ఆగిపోతే బూస్ట్ తగ్గించే ఏర్పాటు లేకుండా టైమింగ్ పెంచనివ్వకండి. 1962లో వచ్చిన ఓల్డ్స్‌మొబిల్ జెట్‌ఫైర్‌లోనే ఆ ఏర్పాటు ఉంది, ట్యాంకు ఖాళీ అయితే బండి తనంతట తనే బూస్ట్ తగ్గించుకునేది.

హైదరాబాద్‌లో ఉన్న మా పిన్ని కొడుకు నిన్న ఫోన్ చేసి, "అన్నా, నా టీఎస్ఐకి పెట్టించుకుంటా" అన్నాడు. తమ్ముడూ, నీకు చెప్పిందే ఇక్కడా రాస్తున్నా. కొన్ని చిన్న టీఎస్ఐ (ఫోక్స్‌వ్యాగన్, స్కోడా బళ్ల టర్బో) ఇంజిన్లలో ఇంటర్‌కూలర్ మానిఫోల్డ్‌లోనే కలిసి ఉంటుంది, థ్రాటిల్ దానికి ముందు ఉంటుంది, అంటే ఇంటర్‌కూలర్ తర్వాత ఎక్కడ పెట్టినా వాక్యూమే. మానిఫోల్డ్ ప్లాస్టిక్‌ది. వద్దు. ఇంకోటి, కల్తీ సారా తాగి మనుషులు కళ్లు పోగొట్టుకునేది, చచ్చిపోయేది ఈ మిథనాల్ వల్లే. చర్మంలోంచి కూడా ఒంట్లోకి పోతుంది, మండుతుంటే పగటి వెలుగులో మంట కనపడదు. పిల్లలున్న ఇంట్లో డబ్బా ఎక్కడ పెడతావో ముందు అది ఆలోచించు.

నా బండికి ఇప్పుడు ఇంటర్‌కూలర్ ముందు బంపర్ వెనకకు మారింది, నాజిల్ పొడుగాటి పైపులో, థ్రాటిల్‌కు అడుగు ముందు ఉంది, సోలెనాయిడ్ కూడా బిగించాను. రంధ్రం ఉన్న పాత మానిఫోల్డ్‌ను "మిథనాల్‌కు రెడీగా ఉంది కదా, అమ్ముతారా" అని ఇప్పటికి ఇద్దరు అడిగారు. ఇవ్వలేదు.