పర్యావరణ సంస్థలో ఉద్యోగమా, గ్రాంటా?

తిరుపతి, చిత్తూరు వైపు డిగ్రీ అయిన పిల్లలు తరచూ అడిగే ప్రశ్న ఇది. సంస్థలో ఫీల్డ్ ఉద్యోగంలో చేరాలా, లేక వాళ్లిచ్చే చిన్న గ్రాంటుతో మన ఊరి చెరువు పని మనమే మొదలుపెట్టాలా?

ఉద్యోగమైతే నెలనెలా జీతం పడుతుంది, ప్రాజెక్టు ముగిస్తే ఆగిపోవచ్చు.
గ్రాంటైతే ఎక్కువగా విడతల్లో వస్తుంది, మొదటి విడతకు లెక్క చూపితేగానీ రెండోది రాదు.

గ్రాంటులో మీ సొంత తిండి ఖర్చుకు చోటుందో లేదో సంతకానికి ముందే చూసుకోండి. చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు.

శ్రమ రెండింట్లోనూ ఉంది. పలమనేరు వైపు ఉద్యోగమంటే కౌండిన్య అడవి ఏనుగులు తొక్కిన పొలం గట్టున నిలబడి రైతు కోపం వినాలి. గ్రాంటంటే ఆ తిరుగుడుకు తోడు జేసీబీ గంటల రసీదు, కూలీల సంతకాలు, పనికి ముందూ తర్వాతా ఫొటోలు. ఒక్క బిల్లు పోయినా టెన్షనే.

ఇంకో ముఖ్యమైన విషయం. విదేశీ విరాళం తీసుకున్న సంస్థ ఆ డబ్బును మరొకరికి బదిలీ చేయకుండా 2020లో చట్టం మార్చారు. మీ యువజన సంఘం పేరుతో అడిగేముందు ఆ గ్రాంటు సొమ్ము ఎక్కడిదో కనుక్కోండి.

ఇంటికి మీ సంపాదనే ఆధారమైతే ఉద్యోగమే మేలు, పనీ నేర్చుకుంటారు. ఆయకట్టు రైతులు మీ మాట వింటారు, ఇంట్లో కొన్నాళ్లు గడుస్తుంది అంటే గ్రాంటుకు ధైర్యంగా వెళ్లండి. చదువు మధ్యలో ఉంటే మాత్రం ఈ రెండూ వద్దు, స్కాలర్‌షిప్‌కే అప్లై చేయండి.