బండి పడినా విరగని ఇండికేటర్లు: ఫ్లష్ ఎల్‌ఈడీలు ఏళ్లపాటు వాడాక

బండి పక్కకు ఒరిగితే ముందుగా నేలకు తగిలేవాటిలో ఇండికేటర్ ఒకటి. కాడ బయటికి పొడుచుకొని ఉంటుంది, దాని చివర బల్బు గూడు. దెబ్బంతా కాడ మొదట్లోనే పడుతుంది. మట్టిదారుల్లో తిరిగే బండికైతే ఇది మళ్లీ మళ్లీ వచ్చే ఖర్చు. బాడీ ప్యానెల్‌కు రంధ్రం చేసి, దానితో సమంగా కూర్చోబెట్టే (ఫ్లష్) ఎల్‌ఈడీలు ఈ బాధను పూర్తిగా తీర్చేస్తాయి. ముందూ వెనకా ఇవే పెట్టి ఏళ్లుగా నడుపుతున్నాను, విరగడం అన్న మాటే లేదు. కాకపోతే దీనికి బదులుగా పక్కనుంచి కనిపించే గుణం కొంత పోతుంది. ఆ లోటు ఎంత తగ్గుతుందన్నది లైటు ఎవరు చేశారన్నదాని కన్నా, దాన్ని ఎక్కడ, ఏ కోణంలో పెట్టామన్నదాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

లైటు ఎంచుకునేటప్పుడు రెండు రకాలు ఎదురవుతాయి. మొదటిది లారీలకు, ట్రెయిలర్లకు అంచు గుర్తుగా వాడే గుండ్రటి మార్కర్ లైటు. ముఖం సుమారు 19 మి.మీ. ఉంటుంది, గ్రోమెట్ అనే రబ్బరు వలయంలో దూరుతుంది. లోపలంతా ఎపాక్సీ పోసి మూసేసి ఉంటుంది కాబట్టి చాలా మొండిది. కానీ అది రాత్రివేళ వాహనం అంచు తెలియడానికి చేసిన దీపం. మధ్యాహ్నపు ఎండలో వెనక వచ్చే డ్రైవరుకు అది వెలుగుతోందో లేదో తెలియదు. రెండోది మోటార్‌సైకిల్ ఇండికేటర్‌గానే తయారైన ఫ్లష్ లైటు. తేడా లెన్సు మీదే రాసి ఉంటుంది. వలయంలో ఇంగ్లిష్ E అక్షరం, ఆమోదం ఇచ్చిన దేశం అంకె ఉండి, దగ్గర్లో 11 అని ఉంటే అది ముందువైపు ఇండికేటర్‌గా, 12 అని ఉంటే వెనకవైపు ఇండికేటర్‌గా ఆమోదం పొందినది. ఎస్‌ఎం1 అని మాత్రమే ఉంటే అది పక్క మార్కర్, ఇండికేటర్ పనికి చాలదు. మార్కర్ లైట్ల మొండితనం నాకు బాగా నచ్చుతుంది, అయినా ఒక్కో వైపు ఒక్కోటి పెట్టి సరిపెట్టుకోవడం మంచిది కాదంటాను.

రంగు విషయంలో పారదర్శకమైన లెన్సు వెనక అసలైన అంబర్ ఎల్‌ఈడీ ఉన్నది తీసుకోండి. తెల్ల ఎల్‌ఈడీకి నారింజ లెన్సు తొడిగినవి ఎండలో పాలిపోయిన పసుపులా కనిపిస్తాయి. అంబర్ ఎల్‌ఈడీకీ ఒక బలహీనత ఉంది. వేడెక్కేకొద్దీ దాని వెలుగు బాగానే తగ్గుతుంది. ఎండలో హజార్డ్ లైట్లు చాలాసేపు వేసి ఉంచితే ఆ తగ్గుదల కంటికే తెలుస్తుంది. వెనక లోహపు గూడు ఉన్నవి ఈ విషయంలో ప్లాస్టిక్ గూడు వాటికన్నా మేలు.

ఇక చోటు. ఐక్యరాజ్యసమితి 53వ నిబంధన ప్రకారం ముందు ఇండికేటర్ల వెలిగే భాగాల మధ్య కనీసం 240 మి.మీ., వెనకవాటి లోపలి అంచుల మధ్య 180 మి.మీ. ఎడం ఉండాలి. నేల నుంచి ఎత్తు 350 నుంచి 1200 మి.మీ. లోపు ఉండాలి. అమెరికాలో ఈ ఎడం దీపాల మధ్యబిందువుల మధ్య కొలుస్తారు, ముందు 16 అంగుళాలు, వెనక 9 అంగుళాలు. మీరు ఉన్న చోట ఏ నియమం నడుస్తుందో రంధ్రం చేయకముందే చూసుకోవాలి. ఈ ఎడం ఎందుకంటే, లైట్లు దగ్గరైతే దూరం నుంచి ఎడమో కుడో తేల్చుకోలేం. బ్రేక్ లైటుకు బాగా దగ్గరైతే దాని ఎర్రటి వెలుగు ఇండికేటర్‌ను మింగేస్తుంది.

కోణం అంతకన్నా చిక్కు. మామూలు ఇండికేటర్ సూటిగా ముందుకో వెనక్కో చూస్తూ, బయటి వైపు 80 డిగ్రీల వరకూ, లోపలి వైపు 20 డిగ్రీల వరకూ కనిపించాలి. కాడ మీద ఉన్నప్పుడు ఇది సులువు. ఫ్లష్ లైటు మాత్రం ప్యానెల్ ఎటు తిరిగి ఉంటే అటే చూస్తుంది. వెనక టెయిల్ ప్యానెల్ సన్నబడుతూ పోతుంది కాబట్టి అక్కడ పెట్టిన లైటు వెనక్కి కాకుండా పక్కకు చూస్తుంది. పక్క లేన్‌లోవాడికి బాగా కనిపిస్తుంది, సరిగ్గా వెనక ఉన్నవాడికి సగమే కనిపిస్తుంది. దీనికి మందు లైటు కింద వాలు రబ్బరు ముక్క పెట్టి వెనక్కి తిప్పడం, లేదా నంబర్ ప్లేటుకు అటూ ఇటూ 180 మి.మీ. నియమం తప్పకుండా చిన్న లోహపు పలక బిగించి అందులో పెట్టడం. రెండోదే నా ఓటు. ముందువైపు ట్యాంకు పక్క ష్రౌడ్ (ప్లాస్టిక్ తొడుగు) ముఖం, పెద్ద హ్యాండ్ గార్డు బయటి ముఖం మంచి చోట్లు. వెనక పక్కపెట్టెలు కట్టుకొని తిరిగేవారు మాత్రం వెనక ఫ్లష్ జోలికి వెళ్లకుండా, వంగే రబ్బరు కాడ ఇండికేటర్లే ఉంచుకోవాలి. పెట్టె అడ్డొస్తే ఏ ఎల్‌ఈడీ అయినా వృథానే.

రంధ్రం చేసేముందు ప్యానెల్ వెనక ఖాళీ చూడండి. లైటు, తీగ మలుపు కలిపి 30 మి.మీ. లోతు దాకా పట్టవచ్చు. హ్యాండిల్ రెండు వైపులా చివరిదాకా తిప్పినా ఫోర్కు తగలకూడదు. వెనక సస్పెన్షన్ పూర్తిగా అణిగినప్పుడు టైరు అక్కడికి చేరకూడదు. రంధ్రం కొలత లెన్సును బట్టి కాదు, గ్రోమెట్ గాడి వ్యాసాన్ని బట్టి తీసుకోవాలి. గాడి వెడల్పు ప్యానెల్ మందానికి సరిపోవాలి. మాస్కింగ్ టేపు అంటించి గుర్తు పెట్టి, వెనక చెక్క ఆనించి, ముందు 3 మి.మీ. బిట్‌తో, తర్వాత మెట్లుమెట్లుగా లావయ్యే స్టెప్ డ్రిల్‌తో నెమ్మది వేగంలో చేయాలి. వేగం పెంచితే ప్లాస్టిక్ కరిగి అంచు ముద్దకడుతుంది. మామూలు పెద్ద బిట్ పెట్టి నొక్కితే కొరికి పగలగొడుతుంది. చివర అంచును నున్నగా గీకండి, అక్కడ మిగిలిన చిన్న గీత నుంచే తర్వాత పగులు మొదలవుతుంది. మర బోల్టుతో బిగించే రకమైతే వెనక వెడల్పాటి వాషర్, నైలాన్ లాక్ నట్టు వాడండి. బోల్టు వదులు కాకుండా పూసే థ్రెడ్‌లాకర్ ద్రవం ప్లాస్టిక్‌కు తగలనివ్వకండి, ఏబీఎస్, పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్‌లు రెండింటినీ అది చిట్లగొడుతుంది.

వైరింగ్‌లో తరచుగా తప్పేది ఎర్త్. పాత ఇండికేటర్లలో కొన్ని లోహపు కాడ ద్వారానే ఛాసిస్‌కు ఎర్త్ అవుతాయి. ప్లాస్టిక్ ప్యానెల్‌లో అది కుదరదు, వేరే తీగ లాగాలి. ఎల్‌ఈడీకి ధన, రుణ దిశలున్నాయి, తిరగేస్తే వెలగదు. హోండాల్లో సాధారణంగా ఎడమకు నారింజ, కుడికి లేత నీలం, ఎర్త్‌కు ఆకుపచ్చ తీగలుంటాయి. యమహాల్లో ఎడమకు ముదురు గోధుమ, కుడికి ముదురు ఆకుపచ్చ, ఎర్త్‌కు నలుపు. అయినా టెస్ట్ ల్యాంపుతో నిర్ధారించుకున్నాకే కలపండి. ఒరిజినల్ జాక్ కోయకుండా దానికి సరిపడే బుల్లెట్ కనెక్టర్లు క్రింప్ చేస్తే ప్యానెల్ విప్పినప్పుడల్లా సుఖం. అతుకు మీద జిగురు ఉన్న హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే గొట్టం) వేయండి. మెలిపెట్టి నల్ల టేపు చుట్టిన అతుకు వానాకాలం దాటదు.

ఫ్లాషర్ (ఇండికేటర్లను ఆర్పి వెలిగించే రిలే) సంగతి తప్పనిసరి. 10 వాట్ల బల్బులు రెండు కలిపి సుమారు 1.7 ఆంపియర్లు లాగుతాయి. ఎల్‌ఈడీలు రెండూ కలిపినా అందులో ఐదో వంతు కూడా ఉండదు. పాత రిలే దీన్ని బల్బు మాడిపోయినట్టు భావించి గబగబా కొడుతుంది, లేదా అసలు కొట్టదు. నియమం నిమిషానికి 60 నుంచి 120 మెరుపులు. కరెంటు ఎక్కువ లాగేలా రెసిస్టర్లు వేస్తే సర్దుకుంటుంది గానీ, 13.5 వోల్టుల దగ్గర 10 ఓంల రెసిస్టర్ వెలిగినప్పుడల్లా 18 వాట్ల దాకా వేడి పుట్టిస్తుంది. ప్లాస్టిక్‌కు ఆనిందా, కరిగిస్తుంది. లోడుతో పనిలేని ఎలక్ట్రానిక్ రిలే పెట్టడమే సరైన పద్ధతి. రెండు పిన్నులదైతే B (బ్యాటరీ), L (లోడు, అంటే లైట్లు) గుర్తులు చూసి పెట్టండి, తారుమారైతే కొట్టదు. మూడు పిన్నులదైతే E గుర్తున్న పిన్ను ఎర్త్‌కు. వేరే రిలే లేకుండా కంట్రోల్ యూనిట్టే ఇండికేటర్లను నడిపే బండ్లలో రెసిస్టర్ తప్ప దారి ఉండకపోవచ్చు. అప్పుడు దాన్ని లోహపు ఫ్రేముకే బిగించాలి.

రిలే మార్చాక ఎడమ స్విచ్ వేస్తే నాలుగూ కొడుతున్నాయా? మీటరులో రెండు వైపులకీ కలిపి ఒకే పైలట్ బల్బు (ఇండికేటర్ వేసినట్టు చూపే చిన్న బల్బు) ఉందన్నమాట. దాని గుండా కరెంటు అవతలి వైపు వెళ్లి ఎర్త్ అవుతోంది. బల్బులకు ఆ కాస్త కరెంటు చాలదు, ఎల్‌ఈడీలకు చాలు. పైలట్‌కు వచ్చే రెండు తీగల్లో ఒక్కోదానికి ఒక 1ఎన్4007 డయోడ్ వేసి, చార ఉన్న కొనలు రెండూ కలిపి బల్బు ఒక కాలికి ఇవ్వండి. రెండో కాలు ఎర్త్‌కు. ఇంతే.

ఏళ్ల వాడకంలో తేలిందేమిటంటే, ఎల్‌ఈడీ మాడదు, చుట్టూ ఉన్నవి అరుగుతాయి. గ్రోమెట్ రబ్బరు ఎండకు గట్టిపడుతుంది. మెత్తగా ఉన్నంతకాలం పడినప్పుడు లైటు లోపలికి జరిగి తప్పించుకుంటుంది, గట్టిపడ్డాక ఆ దెబ్బ ప్యానెల్‌కే వెళుతుంది. కాబట్టి వేలితో నొక్కితే లొంగని గ్రోమెట్‌ను మార్చేయాలి. గూటిలోంచి తీగ బయటికి వచ్చే మెడ దగ్గర ఇంజన్ కంపనానికి లోపలి రాగి తెగుతుంది. అక్కడ చిన్న చుట్టు వదిలి, ఒక అంగుళం అవతల క్లిప్‌తో కట్టేస్తే ఆ సమస్య రాదు. ఎపాక్సీ పోయని, లెన్సు అతికించిన రకాల్లో చెమ్మ చేరుతుంది. వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ గొట్టం సూటిగా పట్టకూడదు. బురదలో నడిపితే ముఖం త్వరగా కప్పుకుపోతుంది, ఆగినప్పుడు వేలితో తుడవాల్సిందే.

పని ముగిశాక అన్ని ప్యానెళ్లూ బిగించి, హెడ్‌లైట్ వేసి, బ్రేకు నొక్కి ఉంచి, నడి ఎండలో పరీక్షించండి. ఇంకొకరిని పది మీటర్ల దూరంలో సూటిగా వెనక, తర్వాత 45 డిగ్రీల్లో, ఆపైన దాదాపు పక్కన నిలబెట్టి ఏ వైపు కొడుతోందో చెప్పమనండి. సూటిగా వెనక నుంచి వెంటనే చెప్పలేకపోతే లైటు మార్చకముందు దాని వాలు మార్చి చూడండి.