గిట్‌ఫ్లోనా, ట్రంక్ పద్ధతా: చిన్న బృందాలకు ఏది మేలు?

నల్లగొండ, మహబూబ్‌నగర్ ఐటీ టవర్లలో ఐదారుగురితో నడిచే బృందాలవాళ్లు నన్ను పదే పదే అడిగేది ఇదే. కోడ్‌లో మార్పులన్నిటినీ గుర్తుపెట్టుకునే గిట్‌లో డెవలప్, ఫీచర్, రిలీజ్, హాట్‌ఫిక్స్ అంటూ గిట్‌ఫ్లో ప్రకారం బ్రాంచీలు (విడివిడిగా పనిచేసుకునే కోడ్ పాయలు) పెట్టుకోవాలా, ట్రంక్ పద్ధతిలో అందరూ ఒక్క మెయిన్ బ్రాంచిలోనే రోజూ మార్పులు కలుపుకుంటూ పోవాలా?

గిట్‌ఫ్లోను తీసిపారేయలేం. ఒక ఖాతాదారు దగ్గర పాత వెర్షను, మరొకరి దగ్గర కొత్తది నడుస్తూ రెండింటినీ చూసుకోవలసి వస్తే అది బాగా పనికొస్తుంది. అయితే 2010లో దాన్ని ప్రతిపాదించిన విన్సెంట్ డ్రీసెనే, వెబ్‌లో ఎప్పటికప్పుడు మార్పులు విడుదల చేసే బృందాలకు ఇంతకన్నా సులువైన పద్ధతి మంచిదని 2020లో తన వ్యాసానికి గమనిక చేర్చారు.

నా మటుకు చూడవలసింది బ్రాంచి వయసు, అంటే మెయిన్‌లో కలపకుండా అది ఎన్నాళ్లు విడిగా ఉందన్నది. మిర్యాలగూడ రైసుమిల్లుకు లెక్కల సాఫ్ట్‌వేర్ రాస్తున్నారనుకోండి. ధాన్యం తూకం చెప్పే ఫంక్షన్ (ఒక పని చేసిపెట్టే కోడ్ ముక్క) కిలోల్లో జవాబిస్తోంది. ఒకరు తమ బ్రాంచిలో దాన్ని క్వింటాళ్లకు మార్చారు. మరొకరు మూడు వారాలుగా వేరే బ్రాంచిలో, ఆ ఫంక్షన్ ఇంకా కిలోలే ఇస్తోందన్న నమ్మకంతో, రైతుల చెల్లింపుల నివేదిక రాశారు. మార్పులు వేర్వేరు ఫైళ్లలో ఉన్నాయి కనుక గిట్ కిమ్మనకుండా కలిపేస్తుంది. రెండు మార్పులు ఢీకొన్నాయని చెప్పే కాన్‌ఫ్లిక్ట్ రాదు, కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలర్ అడ్డుచెప్పదు. 75 క్వింటాళ్లు తెచ్చిన రైతుకు మాత్రం 75 కిలోల సొమ్మే లెక్కకొస్తుంది. గిట్ కోడ్ వరుసలనే పోల్చి చూస్తుంది, వాటి అర్థం దానికి పట్టదు. రోజూ కలుపుతూ ఉంటే ఈ మార్పు మర్నాడు పొద్దున్నే రెండో వ్యక్తి కంటబడేది, అప్పటికి సరిదిద్దవలసింది పాతిక వరుసలు కూడా ఉండేది కాదు.

అందుకే నా మొగ్గు ట్రంక్ వైపు. కాకపోతే కలిపిన ప్రతిసారీ పరీక్షలు వాటంతటవే నడవాలి, సగంలో ఉన్న పని ఫీచర్ ఫ్లాగు (కోడ్‌లో ఒక భాగాన్ని ఆన్, ఆఫ్ చేసే మీట) వెనక దాగి ఉండాలి. పరీక్షలు రాసే అలవాటే లేని బృందం ముందు అది చేసుకుని తర్వాత ఇటు రావాలి.

గిట్‌హబ్ సైటు సూచించే గిట్‌హబ్ ఫ్లో దాదాపు ఇలాంటిదే, పుల్ రిక్వెస్టులు (మార్పును కలపమని పెట్టే అభ్యర్థనలు) సమీక్ష కోసం రోజుల తరబడి పడి ఉండకపోతే చాలు. పాత ప్రాజెక్టు గిట్‌కు ముందునాటి సబ్‌వెర్షన్ అనే పరికరంలో ఉంటే ఉండనివ్వండి, కొత్తదానికి వద్దు.

గిట్‌ఫ్లోలో ఉన్నవారు ఒక్కసారిగా మారనక్కర్లేదు. ముందు ఫీచర్ బ్రాంచికి రెండు రోజుల గడువు పెట్టండి. అందులో ఇమడని పనిని ముక్కలు చేసి, పూర్తయిన ముక్కను ఆ సాయంత్రమే కలిపేయండి. డెవలప్ బ్రాంచి ఉంచాలో తీసేయాలో ఆ తర్వాత తేల్చుకోవచ్చు.